రేపు నా వెంట ఎవరు వస్తారు?

పోయిన వారం జోస్నను మనం శేరిగూడలో బ్యూటీపార్లర్ మెట్ల మీద వదిలి వచ్చాం. ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి ఆమె పాస్‌పోర్టు తిరగేశారు. వీసా గడువు ఎప్పుడో దాటిపోయిందన్నారు. సోమవారం పొద్దున హైదరాబాద్‌లో విదేశీయుల ఆఫీసుకు రావాలనీ, ఒంటరిగా కాక పూచీ పడే ఇంటి మనిషిని వెంటబెట్టుకుని రావాలనీ చెప్పారు. ఎవరూ పూచీ పడకపోతే దేశం విడిచి పొమ్మంటారట. బండి ఎక్కబోతూ పెద్ద కానిస్టేబుల్ ఇంకో మాట కూడా అన్నాడు.

"మాకెట్ల తెల్సిందనుకుంటున్నవమ్మా? మీ ఇంటోళ్లే వచ్చి చెప్పిన్రు."

ఆ రోజు నుంచి జోస్నకు అన్నం సయించలేదు. వీసా గురించిన భయం ఒక ఎత్తు. ఇంట్లో ప్రతి ముఖాన్నీ చూసి 'నువ్వేనా?' అని మనసులో అనుకోవడం ఇంకో ఎత్తు.

ఆమె అసలు పేరు జోసెలిన్. ఫిలిప్పీన్స్‌లో సముద్రం పక్క ఊరు. దోహాలో సెలూన్‌లో పనిచేస్తున్నప్పుడు, అక్కడే కారు నడిపే ఇబ్రహీంపట్నం ఎల్లేశ్ పరిచయమయ్యాడు. పెళ్లి చేసుకుని అతని వెంట ఇక్కడికి వచ్చింది. అత్త మైసమ్మకు ఆ పేరు పలకడానికి నోరు తిరగక జోస్న అని పిలిచింది. వాడకట్టంతా అదే ఖాయం చేసింది. పూజిత పుట్టింది. పిల్లకు మూడేళ్లు నిండకముందే సాగర్ రోడ్డు మీద ఎల్లేశ్ బండిని లారీ గుద్దింది. వీసా పనులన్నీ అతనే చూసుకునేవాడు. అతను పోయాక "నేను చూస్త" అన్న బావ, అంటే ఎల్లేశ్ అన్నయ్య దయాకర్, ఇవాళ రేపు అంటూ నెలలు గడిపేశాడు.

ఇక ఈ ఆదివారం సంగతి.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక బస్టాండు వెనక గల్లీలోని మైసమ్మ ఇంటి ముందర కుర్చీలు వేశారు. నలుగురినీ పిలవమని జోస్నే పట్టుబట్టింది. "మన ముచ్చట బజార్ల పెడ్తవా?" అని దయాకర్ కసిరినా వినలేదు. ఈ గల్లీ మీద ఆమెకు ఒక నమ్మకం ఉంది. ఎల్లేశ్ పోయినప్పుడు ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వకుండా పది ఇళ్ల నుంచి అన్నం గిన్నెలు వచ్చాయి. మహిళా సంఘం లీడరు స్వరాజ్యం రోజూ వచ్చి, చేతిలో ముద్ద పెట్టి తినిపించింది. "నువ్వు పరాయిదానివి గాదు, మా పిల్లవు" అన్నది. బతుకమ్మ పేర్చడం జోస్నకు నేర్పింది ఆమే. తంగేడు పూలు వరుస తప్పితే చేతి మీద ఒకటి వేసి మళ్లీ పేర్పించేది. ఆ దెబ్బ జోస్నకు ఇష్టంగా ఉండేది. పరాయివాళ్ల చేతి మీద ఎవరూ అట్లా కొట్టరు.

అయితే కానిస్టేబుళ్లు వచ్చిపోయిన దగ్గర నుంచి గల్లీ మారింది. కిరాణా కొట్టు ముందు నిలబడ్డ ఆడవాళ్లు ఆమె రాగానే మాట తిప్పేస్తున్నారు. పార్లర్ ఓనరు మహేశ్వరి మీర్‌పేట్ నుంచి ఫోన్ చేసి "కొన్నిరోజులు రాకు జోస్నా, నాకు ఇబ్బంది అయితది" అని పెట్టేసింది. ఇవాళ రమ్మని ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

అందుకే స్వరాజ్యం నలుగురైదుగురు ఆడవాళ్లను వెంటేసుకుని గేటు తీసుకుని వస్తుంటే, జోస్నకు కళ్లల్లో నీళ్లు తిరిగినంత పనైంది. లోపలికి పరుగెత్తి టీ పెట్టింది. కులపెద్ద నారయ్య కూడా వచ్చి నడుమ కుర్చీలో కూర్చున్నాడు. దయాకర్ గోడకు ఆనుకుని, ఫోన్‌లో ఏదో చూస్తూ నిలబడ్డాడు. ప్లాట్ల బేరాలు చేసే మనిషి, ఎప్పుడూ ఎవరో ఒకరు ఫోన్లో ఉంటారు. మైసమ్మ గడప లోపలే, తలుపు రెక్క పక్కన చతికిలపడింది. బయటికి రమ్మంటే రాలేదు. మేడ మెట్ల మీద దయాకర్ భార్య యమున కూర్చుని, ఒళ్లో పూజితను కూర్చోబెట్టుకుని జడ వేస్తున్నది.

నారయ్య గొంతు సవరించుకున్నాడు. "చెప్పు బిడ్డా. ఏం గావాలె నీకు?"

జోస్న లేచి నిలబడింది. రాత్రంతా మనసులో కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. ఐదేళ్లుగా ఇదే భాష మాట్లాడుతున్నది. కలలో కూడా అప్పుడప్పుడు ఈ భాషే వస్తుంది. అయినా ఇప్పుడు చిన్న చిన్న మాటలే దొరికాయి.

"రేపు ఆఫీసుకు పోవాలె తాతా. నా వెంట ఒక మనిషి రావాలె. ఈమె మాతోనే ఉంటది, మంచిది అని చెప్పాలె. గంతే. పైసలు వద్దు, ఏం వద్దు. ఒక్క మనిషి."

జోస్న స్వరాజ్యం వైపు చూసింది. ఆమె వస్తుందని జోస్నకు ఎంత నమ్మకమంటే, అడగకముందే కృతజ్ఞత ముఖంలోకి వచ్చేసింది.

స్వరాజ్యం చీర కొంగు సర్దుకుంది. "నేను వస్తుంటినే పిల్లా. కానీ మా పిలగాడు కానిస్టేబుల్ పరీక్ష పాసైండు గదా. ఇప్పుడు నౌకరిచ్చే ముందు వాని మీద ఎంక్వైరీ నడుస్తున్నది. ఇసొంటప్పుడు నేను పోయి పోలీసోళ్ల తాన ఇంకో దేశమామెకు పూచీ పడితే... వానికేమన్న అయితే ఎట్ల చెప్పు? నీకు తెల్వనిది ఏమున్నది."

"అవ్ మల్ల," అన్నది పక్కామె. "మా ఇంటాయన ఊర్ల లేడు. అడగకుండ నేను మాటియ్యలేను."

మూడో ఆమె టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. తర్వాతి ఆమె ఏమీ అడక్కముందే "నాకు బీపీ ఉన్నది, ఆఫీసులల్ల నిలబడలేను" అన్నది.

"గిది సర్కారు ముచ్చట బిడ్డా," అన్నాడు నారయ్య. "భూమి కొట్లాటనో, ఆలుమగల పంచాయితో అయితే నేను చూద్దును. దేశాల నడుమ ముచ్చట మనకేం తెలుస్తది? ఇంటోళ్లే చూసుకోవాలె. దయాకర్ ఉన్నడు గద."

దయాకర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"నేను పోను తాతా. మొఖం మీదనే చెప్తున్న. రేపు ఈమె ఏమన్న చేస్తే నన్ను పట్టుకపోతరు. నాకు రియల్ ఎస్టేట్ల పేరున్నది."

"నేనేం చేస్త బావా?" జోస్న గొంతు పెరిగింది. "నీ తమ్ముని బిడ్డకు అన్నం పెడ్తున్న. పార్లర్‌ల పని చేస్తున్న. దొంగతనం చేసిన్నా? నువ్వే కదా వీసా నేను చూస్త అన్నవ్? నువ్వే చూడలే. మల్ల నువ్వే పోయి ఠాణల చెప్పినవ్!"

దయాకర్ గోడను వదిలి ముందుకు వచ్చాడు. ముఖం కందగడ్డ అయింది.

"ఏమన్నవ్? మల్లనను! నా తమ్ముని పెండ్లాన్ని నేను పోలీసులకు పట్టిస్తనా? వీసా పని నెగ్లెట్ చేసిన, అవ్, ఒప్పుకుంట. నాకు పురుసత్ లేక చేయలే. కానీ ఠాణ మెట్లెక్కలే నేను. ఎల్లేశ్ గాని మీద ఒట్టు!"

చనిపోయిన తమ్ముడి మీద ఒట్టు పెట్టేసరికి ఆడవాళ్లు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. జోస్న తడబడింది. దయాకర్ మీద ఆమెకు ఎన్ని కోపాలున్నా, ఎల్లేశ్ పాడె మోస్తూ అతను వలవలా ఏడ్చింది ఆమె కళ్లారా చూసింది. ఈ మనిషి ఆ ఒట్టు అబద్ధంగా పెట్టడు.

"మరి ఎవరు బావా?" అన్నది, గొంతు తగ్గించి.

"నాకేం ఎరుక? నువ్వు చేసే పనులే గట్లున్నయ్. మీ చెల్లెతోని ఫోన్ల ఏం మాట్లాడినవ్? టికెట్, టికెట్ అని మాట్లాడలే? పూజిత పేరు తియ్యలే? పిల్లను తీసుకుని పోదామనుకున్నవ్. ఇంట్ల అందరికీ తెలుసు."

జోస్నకు ఒక్కసారి ఏమీ అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. వినాయక చవితి ముందు చెల్లెలు ఫోన్ చేసింది. అమ్మకు మోకాళ్లు పట్టేసి మంచం దిగడం లేదనీ, క్రిస్మస్‌కు ఒక్కసారి వచ్చి పొమ్మనీ అడిగింది. "టికెట్ చాలా ఎక్కువ. పూజితను వదిలి రాలేను, పూజితతో రాలేను" అని తను చెప్పింది. అది తమ భాషలో మాట్లాడిన మాట. ఆ భాష తెలియనివాళ్లకు అందులో రెండు మాటలే అర్థమై ఉంటాయి.

ఆ రోజు వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తూ మాట్లాడింది. దయాకర్ ఇంట్లో లేడు. యమున పుట్టింటికి పోయింది. వంటింట్లో పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉన్నది ఒక్కరే.

జోస్న మెల్లగా గడప వైపు తిరిగింది.

మైసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. భుజాలు అదురుతున్నాయి.

"అత్తమ్మా?"

"నేనే," అన్నది మైసమ్మ. "నేనే పోయిన బిడ్డా."

"అవ్వా!" అని దయాకర్ అరిచాడు. "నువ్వా? నాతోని ఏమన్నవ్? ఫోన్ ముచ్చట చెప్పినవ్ గని, ఠాణకు పోయినట్టు చెప్పలే!"

"చెప్తె నువ్వు పోనిస్తువా?" మైసమ్మ కొడుకు వైపు చూడలేదు. జోస్న వైపే చూస్తున్నది. "ఎల్లేశ్ పోయినంక నాకు మిగిలింది గీ పిల్లొక్కతే. అది నవ్వుతే వాడు నవ్వినట్టే ఉంటది. నువ్వు ఫోన్ల టికెట్ అంటుంటె, పూజిత అంటుంటె, నాకు కాళ్లు చేతులు ఆడలే. ఇగ పోతరు అనుకున్న. ఏడ సముద్రం ఏడ ఊరు, మల్ల కండ్ల చూస్తనా అనుకున్న. ఠాణల సారు తానికి పోయి, సారూ, నా కోడలు దేశం దాటకుండ ఆపుండ్రి అన్న. ఆ పాస్‌పోర్టు బుక్కు గుంజుకుంటే ఆగిపోతవనుకున్న. గంతే అనుకున్న బిడ్డా! నిన్నే ఎల్లగొడ్తరని నాకేం తెలుసు? ఆ సారు ఎప్పుడొచ్చింది, కాయిదాలున్నయా అని అడుగుతుంటె అప్పుడు భయమైంది. చెప్పొద్దనుకున్న. అప్పటికే చెప్పేసిన."

జోస్న నోటి వెంట తన భాషలో ఏవో మాటలు వచ్చాయి. గట్టిగా, వేగంగా, ఆగకుండా. అక్కడున్న ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మొదటిసారి గల్లీలో అట్లా మాట్లాడింది. మెట్ల మీద పూజిత బెదిరి యమున మెడ పట్టుకుంది. అది చూసి జోస్న ఆగింది.

"నన్నడగాలె కదా అత్తమ్మా," అన్నది. "నీ పక్కనే ఉన్న. ఒకటే కంచంల తిన్నం. పోతున్నవా అని ఒక్కసారి అడిగితే చెప్తుంటి."

"అడుగుతె, పోతున్న అంటివనుకో," అన్నది మైసమ్మ. "అప్పుడు నేనేం జేద్దును?"

జోస్న కోపం ఎక్కడికీ పోలేదు. కానీ అది పోయి వాలడానికి, ఈ ముసలామె కంటే గట్టి మనిషి ఎవరైనా దొరికితే బాగుండుననిపించింది.

మైసమ్మ చేతులు నేలకు ఆనించి లేచింది. "నేనే వస్త రేపు. నేను చెడగొట్టిన, నేనే చెప్త. సార్ల కాళ్లు పట్టుకుంట."

నారయ్య తల అడ్డంగా ఆడించాడు. "నువ్వే పోయి ఆపుమంటివి, మల్ల నువ్వే పోయి ఉంచుమంటవా? నీ మాట ఎవరింటరు మైసమ్మా? ఇంకింత చిక్కయితది. ఇంకెవరన్న పోవాలె."

మళ్లీ అందరూ నేల చూపులు చూశారు. స్వరాజ్యం ఎదురు ఇంటి నల్లా వైపు చూస్తున్నది. జోస్నకు ఆ చూపు తట్టుకోవడం కష్టమైంది. వీళ్లు చెడ్డవాళ్లు కారు. రేపు తనకు జ్వరం వస్తే ఇదే స్వరాజ్యం దవాఖానాకు తీసుకుపోతుంది. రాత్రంతా మంచం పక్కన కూర్చుంటుంది. అది జోస్నకు తెలుసు. అన్నం పెడతారు, ఏడిస్తే పక్కన కూర్చుని ఏడుస్తారు. ఆఫీసులో టేబుల్ ముందు నిలబడి 'ఈమె మాది' అని ఒక్క మాట మాత్రం చెప్పలేరు. అదెందుకో ఐదేళ్లలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"నేనొస్త."

అందరూ మెట్ల వైపు తిరిగారు. యమున పూజిత జడకు రిబ్బను ముడి వేస్తూనే మాట్లాడింది.

"రేపు జోస్న వెంట నేనొస్త. తోటికోడలిని గదా, ఇంటి మనిషినే. ఏం చెప్పాల్నో చెప్త."

"ఏం మాట్లాడుతున్నవ్?" దయాకర్ రెండు అడుగులు వేశాడు. "నేను వద్దన్నంక నువ్వెట్ల పోతవే?"

"నువ్వు పోనన్నవ్. నన్ను పోవద్దనలే," అన్నది యమున. ఎప్పుడూ భర్త ముందు గొంతెత్తని మనిషి. ఇప్పుడూ ఎత్తలేదు. "పోలీసోళ్లొచ్చి తమ్ముని పెండ్లాన్ని బండెక్కిస్తుంటే నీ రియల్ ఎస్టేట్ పేరు ఏమైతది? అది ఆలోచించినవా?"

దయాకర్ మళ్లీ గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. నారయ్య ముఖం తేటపడింది. "గదీ! గట్ల ఇంటి మనిషి పోతేనే కత," అంటూ తొడ మీద చరుచుకున్నాడు. స్వరాజ్యం ఒక్క ఉదుటున లేచి వచ్చి యమున బుగ్గలు పుణికింది. "నా బంగారు తల్లే! నీ అసొంటిది వాడకట్టుకొకతి ఉండాలె." బీపీ ఉన్నామె కూడా ఇంకో గ్లాసు టీ అడిగింది. అందరి గుండెల మీది బరువూ ఒకేసారి దిగిపోయింది. పని చెయ్యాల్సింది ఇక వాళ్లలో ఎవరూ కాదు మరి.

జోస్న పోయి యమున కాళ్ల దగ్గర మెట్టు మీద కూలబడి, ఆమె చేయి పట్టుకుని ముఖానికి ఆనించుకుంది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో చీర కట్టడం నేర్పింది యమునే. పార్లర్‌కు పోయిన పూట పూజితకు తినిపించేది, స్నానం చేయించేది, నిద్రపుచ్చేది యమునే. పెళ్లయి పన్నెండేళ్లయినా కడుపు పండలేదని ఊరంతా అంటున్నా, ఒక్కనాడు కూడా జోస్న మీద అసూయ చూపించలేదు.

"అక్కా... నువ్వు లేకపోతే..."

"లోపలికి రా," అన్నది యమున. "చీర చూద్దం రేపటికి. పూజితా, నాయినమ్మ తానికి పో బిడ్డా."

ఇద్దరూ వెనక గదిలోకి వెళ్లారు. యమున తలుపు దగ్గరికి వేసింది. బీరువా తెరవలేదు. జోస్న మణికట్టు పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చుంది.

"జోస్నా, నేను రేపు వస్త. మంచిగ చెప్త. ఈమె మా ప్రాణం అని చెప్త. వాళ్లు నమ్ముతరు, నేను నమ్మేటట్టు చెప్త."

"తెలుసు అక్కా."

"కానీ ఒక్క మాట." యమున తలుపు వైపు ఒకసారి చూసింది. "ఇయ్యాల అత్తమ్మ అన్నది వింటివి గదా. ఆమెకు గంత భయముంటే, నాకెంత ఉంటది? నువ్వు పనికి పోతుంటే పొద్దంత పూజిత నా ఒళ్లెనే పెరిగింది. రాత్రి నువ్వొచ్చి తీసుకుపోతవ్. నేను ఖాళీ చేతుల తోని మెట్లెక్కుత. రోజూ."

జోస్న ఆమె ముఖంలోకి చూసింది.

"పూజితను నాకియ్యి," అన్నది యమున. "దత్తత రాసియ్యి. నువ్వు ఈ ఇంట్లనే ఉండు, ఎన్నేండ్లయినా ఉండు, కోరినప్పుడు మీ అమ్మను చూసి రా. ఎవ్వరూ నిన్ను ఆపరు. బిడ్డ మాత్రం నాది కావాలె. నన్నే అమ్మా అనాలె. నువ్వు సరే అంటే రేపు పొద్దుగాల తయారై నిలబడ్త. కాదంటే..." ఆమె చూపు పక్కకు తప్పుకుంది. "కాదంటే నాకు రేపు పానం బాగుండదు, రాలేను."

బయట ఆడవాళ్లు ఏదో మాటకు గట్టిగా నవ్వారు. గ్లాసులు చప్పుడయ్యాయి. ఆ నవ్వుల నడుమ నుంచి చిన్న అడుగులు పరుగెత్తుకుంటూ తలుపు దాకా వచ్చి ఆగాయి.

"మమ్మీ! తలుపు తియ్యి మమ్మీ!"

జోస్న లేవబోయింది. యమున పట్టుకున్న మణికట్టు వదల్లేదు.

"జవాబు చెప్పి తియ్యి," అన్నది.